కానరాని దేవుడు, కనిపెట్టుచున్న బిడ్డ

క్రైస్తవ గృహములలో బిడ్డలను పెంచు తలిదండ్రులు తరచుగా వెలిబుచ్చు చింత యొకటి కలదు. కంటికి కనబడని, చేతికి తగులని, పిలిచినచో చెవికి వినబడునట్లు పలుకని దేవుని ఈ పసివారు నమ్ముటెట్లు, వారిచేత నమ్మించుటెట్లు అని వారి యాందోళనము. చింత సహజమే గాని, దానికి మూలమైన తలంపు సరియైనది కాదు. అదృశ్యమైన దానిని నమ్ముట పెద్దలకు కష్టము; పిల్లలకు అది యాటతో సమానము. నాలుగేండ్ల బిడ్డ బూచివానిని ఎన్నడును చూచి యెరుగడు, అయినను చీకటిగదిలో అడుగుపెట్టుటకు జంకును. ఏడాది నిండని శిశువు సైతము తలుపు చాటున దాగిన తల్లి అక్కడనే యున్నదని గ్రహించి, ఆమె మరల తొంగిచూచువరకు ఆ తలుపు వంకనే రెప్పవాల్చక చూచుచుండును. కావున విశ్వాసోపదేశమునకు పూనుకొను తల్లియు తండ్రియు మొదట తెలిసికొనవలసిన దేమనగా, దేవుడు కనబడకపోవుట బిడ్డకు చిక్కు కాదు; కనబడని ఆ దేవుడు ఎట్టివాడు, ఇచ్చిన మాట నిలుపుకొనువాడా, తప్పు చేసిననాడు చేరదీయువాడా, లేక కాచుకొని కొట్టువాడా యనునదే వానికి తేలవలసిన సంగతి. "దేవుడున్నాడా?" అను ప్రశ్న పదునాలుగవ యేట వచ్చును. "దేవుడు మంచివాడేనా?" అనునది అంతకు పదేండ్లు ముందుగనే, అడుగుటకు మాటలు చాలకపోయినను, వానిలో పుట్టియుండును.

ఈ రెండవ ప్రశ్నకు మన యిండ్లలో దొరకు ప్రత్యుత్తరము ఏపాటిదో ఒకింత పరిశీలింతము. అన్నము తినకున్న బూచివాడు పట్టుకొనిపోవు నందుము. అబద్ధమాడిన దేవుడు కళ్ళు పొడుచు నందుము. ఒకే నోరు, ఒకే గొంతు, ఒక్కొక్కప్పుడు ఒకే సాయంకాలము. బిడ్డకు ఏడెనిమిదేండ్లు వచ్చుసరికి బూచివాడను వాడెవడును లేడనియు, తమ పని సులువగుటకై పెద్దలు వానిని కల్పించిరనియు తెలిసిపోవును. అదే పనికి, అదే స్వరముతో, అదే యమ్మ పిలిచిన రెండవ అదృశ్యుని మాత్రము వాడు వేరుగా నెట్లు భద్రపరచుకొనును? పదేండ్ల బాలునికి దేవునియందు ఆసక్తి సన్నగిల్లినదని వాపోవు తలిదండ్రులలో పెక్కుమంది ఆ దేవుని వానికి బూచివాని తమ్మునిగా పరిచయము చేసినవారే యని నా నమ్మకము. అందరిని చూచు దేవుడను మాట బెదిరింపుగా పుట్టినది కాదు. ఆదికాండము 16వ అధ్యాయమున యజమానురాలు శ్రమపెట్టుట కోర్వలేక అరణ్యమునకు పారిపోయిన హాగరు, దాసియు గర్భిణియు నైన అనాథ, తన్ను చూచుచున్న దేవుడని ఆయనకు పేరు పెట్టినది. తన్నెవరును చూచుటలేదని యేడ్చుచున్న మనుష్యురాలికి ఆ చూపు ఆదరణ యయినది. బిడ్డ బడిలో ఒంటరిగా కూర్చున్న దినమున ఈ కథ చెప్పుడు. జామపండు దొంగిలించిన దినమున చెప్పకుడు.

ఇక బోధకులకు ప్రియమైన గాలి దృష్టాంతమొకటి యున్నది. "గాలి కనబడుతుందా? కనబడదు. ఆకులు కదులుతున్నాయి కదా, కాబట్టి ఉంది. దేవుడూ అంతే" అని సండే స్కూలులో చెప్పని టీచరు లేదు, వినని బిడ్డ లేడు. ఆరేండ్ల వానికి ఇది చాలును. ఆరవ తరగతిలో వాయుపీడనమును కొలుచు సాధనమును గూర్చి చదివిన వానికి చాలదు. గాలిని కొలువవచ్చును, సీసాలో బంధింపవచ్చును, దేవుని అట్లు చేయ వీలులేదని వాడు వెంటనే పట్టుకొనును. అంతకంటె పెద్ద లోపము మరియొకటి. గాలి యున్నదని నమ్ముటకును, గాలిని నమ్ముకొనుటకును సంబంధము లేదు. ఉనికిని రుజువు చేయుట వేరు, ఒకరిమీద భారము వేసి నిశ్చింతగా నిదురించుట వేరు. మనము మొదటిదానికై శ్రమపడి, రెండవది దానంతట అదే వచ్చునని భ్రమపడుచున్నాము.

కోనసీమ గ్రామములలోను, కడప ప్రాంతములలోను కువైటునకు పనికి వెళ్ళిన తల్లుల బిడ్డలను అమ్మమ్మలు పెంచుచుండుట నేడు సాధారణమైన విషయము. అట్టి బిడ్డ తల్లిని ఏండ్ల తరబడి తాకి యెరుగడు. అయినను "అమ్మ పంపింది" అని కొత్త చొక్కా తొడుగుకొని గర్వించును. "మళ్ళీ క్రిస్మసుకు వస్తానంది" అని గోడమీది క్యాలెండరు చూచుకొనును. ఆ నమ్మకము తర్కము వలన పుట్టలేదు. పంపెద నన్నది పంపుట వలనను, అమ్మమ్మ ప్రతిదినము ఆమెను గూర్చి ప్రేమతో మాటలాడుట వలనను పుట్టినది. అమ్మమ్మ ఆమెను నిందించుచు, ఆమె పేరు చెప్పి బెదరించుచు పెంచియుండినచో ఆ చొక్కాయే వానికి బరువై యుండెడిది. ఈ పోలికకు హద్దు లేకపోలేదు, తల్లి ఫోనులోనైన కనబడును. కాని దూరముననున్న వారిని గూర్చి దగ్గరనున్నవారు మాటలాడు తీరే బిడ్డ నమ్మకమునకు పునాది యనుటకు ఇది చాలును.

ఆ మాటలాడు తీరెట్లుండవలెనో ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము చెప్పియే యున్నది: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. బల్ల, బెత్తము, గంట అందులో లేవు. ఆ యధ్యాయపు చివర మరియొక సూక్ష్మము కలదు. రాబోవు దినములలో కుమారుడు ఈ శాసనము లేమని అడుగును, అప్పుడు చెప్పుమని ఆజ్ఞ. నిర్గమకాండము 12వ అధ్యాయమున పస్కాపండుగను గూర్చియు అంతే. యెహోషువ 4వ అధ్యాయమున యొర్దాను నదీగర్భమునుండి ఎత్తి గిల్గాలులో నిలువబెట్టిన పండ్రెండు రాళ్లను గూర్చియు అంతే. మొదట బిడ్డ కంటపడునట్లు ఒక వస్తువో ఒక ఆచారమో ఉండవలెను, వాడు ప్రశ్నింపవలెను, పిమ్మట పెద్దలు నోరు విప్పవలెను. మనము దీనిని తలక్రిందులు చేసితిమి. వాడు అడుగని దానికి గంటసేపు ఉత్తరమిచ్చి, అడిగిన దానికి "పెద్దవాడివైతే తెలుస్తుందిలే" అని తోసివేయుదుము.

ప్రతి యింటను అట్టి రాళ్లు దొరకును. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పాతప్రతి, అట్ట చిరిగి, అంచులు నూనె మరకలతో, నాయనమ్మ చేతివ్రాతతో ఏ కీర్తన ఎవరి పెండ్లికి పాడిరో ఎవరి భూస్థాపనకు పాడిరో గుర్తులుండి, బీరువాలో పడియుండును. దానిని బల్లమీద నుంచుడు. 1803లో జన్మించి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారి పాటలు అందులో నున్నవి. కీర్తనల నెత్తిన రాగతాళములు అచ్చువేయబడియుండుట చూచి, ఇదేమని బిడ్డ తప్పక అడుగును. నాయనమ్మ బియ్యము చేటలో చెరుగుచు ఆ పాటను సన్నగా పాడుకొనుచున్నపుడు బిడ్డకు కలుగు ఉపదేశము, పీఠము మీదినుండి మైకులో వచ్చు ఉపదేశము కంటె లోతుగా దిగునని చెప్పినచో పాస్టరుగారు కోపింపరనుకొందును.

కుటుంబప్రార్థనను గూర్చి ఒక మాట. అది క్లుప్తముగా నుండవలెను. మోకాళ్లమీదనే నిద్రపోయిన బిడ్డను తట్టిలేపి "ఆమేన్" అనిపించుట వలన ఆత్మకు గాని దేహమునకు గాని మేలు లేదు. అంతకంటె హానికరమైన అలవాటొకటి మన యిండ్లలో బలముగా నాటుకొనియున్నది: దేవునితో మాటలాడుచున్నట్లు కన్నులు మూసికొని, వాస్తవముగా బిడ్డను చీవాట్లు పెట్టుట. "ప్రభువా, ఈ పిల్లవాడు లెక్కల్లో తప్పాడు, సెల్‌ఫోను వదలడం లేదు, వాడికి బుద్ధి దయచేయి తండ్రీ" అని తల్లి మొరపెట్టుచుండగా, ఆ బాలుడు ఒక కన్ను తెరచి ఆమెను చూచుచుండును. ఇది దేవునికి చెప్పుట కాదని వానికి తెలియును. తండ్రి స్వయముగా "ఇవాళ మీ అమ్మమీద అనవసరంగా అరిచాను, క్షమించు ప్రభువా" అని బిడ్డలు వినుచుండగా ప్రార్థించిన రాత్రి, ఆ యింట పది ప్రసంగములకు సాటియైన బోధ జరిగినది. కొందరు పెద్దలు దీనివలన తమ గౌరవము తగ్గునని శంకింతురు. వారి శంక నిరాధారము. బిడ్డ ఆ యరుపు ముందే వినియున్నాడు.

కంఠత వాక్యములను నవీనులు చులకన చేయుదురు, అర్థము తెలియని వల్లెవేతయని. నేనంతగా అంగీకరింపను. వేమన పద్యములు అర్థము తెలిసి నేర్చినవారెందరు? నోటికి ముందు వచ్చి, బుద్ధికి తరువాత అందు విద్య మనకు క్రొత్త కాదు. కాని వాక్యము బహుమతికై పలికి, వేదిక దిగినవెంటనే మరచునదిగా మాత్రము ఉండరాదు. ఆదివారపు బడి నేర్పునది ఇంటిలో వినబడకపోయినచో, అది లెక్కల పరీక్షకు చదివిన సూత్రమువలె వచ్చినత్రోవనే పోవును. సండే స్కూలు పుట్టుక చరిత్రయే దీనికి సాక్షి. 1780లో ఇంగ్లండు దేశమున గ్లాస్టరు పట్టణమందు రాబర్ట్ రైక్స్ దానిని స్థాపించినది వారమంతయు పనిచేసి, చదువు చెప్పు దిక్కులేక ఆదివారము వీథులలో తిరుగు పేదబిడ్డల కొరకు. చెప్పువారున్న యిండ్లకు అది సహాయకారి, ప్రత్యామ్నాయము కాదు. అంతకు రెండున్నర శతాబ్దములకు పూర్వమే, 1529లో, మార్టిన్ లూథరు తన చిన్న ప్రశ్నోత్తరిని కుటుంబ యజమానుడు తన యింటివారికి సులభముగా నేర్పవలసిన రీతిని వ్రాసెను. గుంటూరు, రాజమహేంద్రవరము ప్రాంతపు లూథరను సంఘములవారు దానిని నేటికిని బోధించుచున్నారు, అయితే నేర్పవలసిన ఆ యజమానుడు ఆ వేళకు టీవీ ముందు కూర్చుండుట తరచు చూచుచున్నాము.

ఇప్పుడు కఠినమైన ఘట్టమునకు వత్తము. ప్రార్థించిన మొదటి ర్యాంకు వచ్చునని, ఉపవాసముండిన సీటు దొరకునని బిడ్డలకు మాట యిచ్చువారు ఎందరో. హాలు టికెట్టును బైబిలులో నుంచి ప్రార్థించుటలో దోషము లేదు. భయమును దేవునియొద్దకు కొనిపోవుట భక్తియే. దోషమెక్కడ నన్నచో బేరమున నున్నది. ఈ సందర్భమున ఒంగోలు ప్రాంతపు చరిత్ర యొకటి చెప్పదగియున్నది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన దారుణమైన కరవులో, అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంతభాగము త్రవ్వుటకు గుత్త పుచ్చుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చిన వారిని ఆయన ఆపి ఉంచెను. అన్నము కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని. కరవు తగ్గుముఖము పట్టిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను. ప్రకాశము, నెల్లూరు జిల్లాల కుటుంబములు పెక్కు తమ క్రైస్తవమును ఆ కాలమునుండియే లెక్కించుకొనును. అన్నమునకును విశ్వాసమునకును ముడి పడరాదని ఆనాడు అంత జాగ్రత్త పడిన సంఘముల సంతతివారము, నేడు మార్కులకును విశ్వాసమునకును ముడివేసి బిడ్డల చేతికిచ్చుచున్నాము. ర్యాంకు రాని దినమున ఆ ముడితోపాటు ఏది తెగునో ఆలోచింపవలదా?

ర్యాంకు సరే, మరణము మాటేమి? తొమ్మిదేండ్ల పిల్ల నెలరోజులు ప్రార్థించినది, అయినను నాయనమ్మ బ్రదుకలేదు. సమాధులతోటనుండి వచ్చిన రాత్రి "నేను రోజూ ప్రార్థన చేశాను కదమ్మా, మరి దేవుడు ఎందుకు వినలేదు?" అని అడుగును. ఇక్కడ పెద్దలు చెప్పు రెండు జవాబులు బిడ్డను చిరకాలము బాధించును. "నీ విశ్వాసం చాలలేదు" అనునది మొదటిది. దానివలన ఆ పసిది నాయనమ్మ చావునకు తానే కారణమని నమ్మును. "దేవుడికి మంచివాళ్లంటే ఇష్టం, అందుకే తీసుకుపోయాడు" అనునది రెండవది. అది విన్న బిడ్డ, అమ్మ కూడ మంచిదే కదా యని ఆ రాత్రి తల్లి కొంగు విడువక పట్టుకొని పండుకొనును. చెప్పదగినది ఇంతే: "నాకూ తెలియదు తల్లీ. నాకూ ఏడుపొస్తోంది. యేసుప్రభువు కూడా లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు." తరువాత ఇద్దరును కలిసి యేడ్చుట మేలు. పునరుత్థాన నిరీక్షణ చెప్పవలదా యని అడుగుదురేమో; చెప్పవలెను, కాని అది కన్నీటిని తుడుచుటకు రావలెను, కన్నీటిని నిషేధించుటకు రారాదు. 88వ కీర్తన మొదలునుండి తుదివరకు మొరయే, చీకటిలోనే ముగియును. దానిని సంకలనకర్తలు తీసివేయలేదు. అగ్నిగుండము ముందు నిలిచిన షద్రకు, మేషాకు, అబేద్నెగోలు దేవుడు తమ్మును రక్షింపగలడనిరి, రక్షింపకపోయినను ప్రతిమకు మ్రొక్కబోమనిరి. ఈ రెండవ సగము మన బాలల పాఠములలో మరుగుపడినది. నిప్పు కాల్చలేదను ముగింపు మాత్రమే బొమ్మలతో రంగులతో మిగిలినది. పౌలు తన ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను, అది తొలగలేదు. గెత్సేమనే తోటలో కుమారుడే వేడుకొనెను, గిన్నె తొలగలేదు. అడిగినది దొరకని ప్రార్థనలు విశ్వాసవీరుల చరిత్రలోనే ఇన్ని యున్నవని తెలిసిన బిడ్డ, తాను అడిగినది దొరకని దినమున తాను వెలివేయబడితినని తలంపదు.

తెలుగు నేలమీద క్రైస్తవ బాలునికి మరియొక ప్రశ్న తప్పక యెదురగును. వినాయక చవితినాడు వీథిలో పందిరి, ప్రతిమ, పత్రి, పాటలు; స్నేహితుడు "మీ దేవుడేడిరా?" యని అడుగును. వాడు ఇంటికి వచ్చి, "మన చర్చిలో బొమ్మ ఎందుకు లేదు?" అని తల్లిని నిలదీయును. బంధువులలో కథోలికులున్నచో, గుణదల మాత ఉత్సవమునకు పోయివచ్చి, "వాళ్ల గుడిలో ఉందిగా" అని మరింత చిక్కు పెట్టును. పొరుగువారి దైవమును హేళన చేసి తప్పించుకొనుట సులభము. చాలమంది ఆ సులభమార్గమునే పోదురు. హేళనము నేర్చిన బిడ్డ దానిని ఒకచోట ఆపడు, రేపు తన సంఘముమీదనే ప్రయోగించును. "విగ్రహం వద్దని మనకు ఆజ్ఞ ఉంది నాన్నా. కథోలికులు బొమ్మను చూసి ఆయన్ని గుర్తు చేసుకుంటారు. మీ స్నేహితుడి ఇంట్లో వాళ్లు తమ పద్ధతిలో భక్తిగా ఉంటారు, వాళ్లను వెక్కిరించకూడదు. మనకు ఆయన ఎలాంటివాడో యేసుప్రభువు చేసిన పనుల్లో కనబడుతుంది" అనుట చాలును. కుష్ఠరోగిని తాకిన చేయి, శిష్యుల కాళ్లు కడిగిన చేయి ఎవరిదో చెప్పుడు. క్రైస్తవోపదేశములో కానరాని దేవుడను మాట అక్కడ సగము తీరిపోవును.

పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున సందేహము వచ్చును. రాకపోయిన అనుమానింపవలసినది గాని, వచ్చినందుకు కంగారుపడరాదు. తోమా తన స్నేహితుల సాక్ష్యమును నమ్మననెను. అయినను ఎనిమిది దినముల పిమ్మట అదే గదిలో, వారి మధ్యనే యున్నాడని యోహాను సువార్త 20వ అధ్యాయము చెప్పుచున్నది. నమ్మని వానిని ఆ పదిమంది గెంటివేయలేదు, వాడును లేచిపోలేదు. మీ కుమారుడు ఆదివారము ఆరాధనకు రానని చెప్పిన దినమున అన్నము మాన్పింపకుడు, పాస్టరుగారిచేత చీవాట్లు పెట్టింపకుడు. వాడు చదువుచున్న దేమో, ఎవరి మాటలు వినుచున్నాడో అడిగి కూర్చుండుడు. షిలోహు మందిరములోనే పండుకొనుచున్న సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగడని గ్రంథము నిర్మొహమాటముగా చెప్పినది. పిలుపు వచ్చిన రాత్రి వాడు మూడుమార్లు ఏలీయొద్దకే పరుగెత్తెను. మూడవమారు గాని ఆ వృద్ధునికి సంగతి తెలియలేదు. ఆ యేలీ కుమారులు దుర్మార్గులైరి. సమూయేలు కుమారులును తండ్రి త్రోవను నడువలేదు. ఏ పద్ధతియును జామీను కాదనుటకు ఇంతకంటె నిదర్శనము కోరనక్కరలేదు.

తండ్రి సహకారము లేక తామొక్కరే నేర్పుచున్నామని దిగులుపడు తల్లులు ఈ పుస్తకము చదువరులలో చాలమంది యుందురని నాకు తెలియును. వారొకసారి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయమును, తిమోతికి పౌలు వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయమును తీసి చూడవలెను. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని వ్రాయబడినది; ఆయన విశ్వాసియని యెక్కడను వ్రాయబడలేదు. విశ్వాసము అవ్వయైన లోయియందు మొదట ఉండెననియు, పిదప తల్లియైన యునీకేయందు ఉండెననియు మాత్రము వ్రాయబడినది.